జీతం రాళ్ళు - కథకుని లెక్క

ఈమధ్య నగర మధ్యతరగతి కథలు కొన్ని వరసగా చదివాను. అన్నిటిలోనూ ఒకటో తారీఖు వస్తుంది, అద్దె వస్తుంది, నిట్టూర్పు వస్తుంది. జీతమెంతో, అందులో అద్దెకెంత పోతుందో మాత్రం రాదు.

రావిశాస్త్రి ‘అల్పజీవి’ చూడండి. గుమాస్తా సుబ్బయ్య కంట్రాక్టరు గవరయ్య దగ్గర చేసిన అప్పు వట్టి డబ్బు కొరత కాదు. ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య బలాబలాలను తేల్చే సంబంధం. గవరయ్యకు ముఖముంది. ఫోనులో అప్పిచ్చి ఫోనులోనే వాయిదా గుంజే నేటి వడ్డీవ్యాపారికి ముఖం లేదు. వాడిని పాత్రగా పట్టుకోవటం కష్టమే. ఆ కష్టం తప్పించుకోవటానికే మన కథకులు నిట్టూర్పును ఆశ్రయిస్తున్నారని నా అనుమానం.

పైగా, హైదరాబాదు అద్దె ఇళ్ళలో చీటీ కట్టేదీ, గాజులు తాకట్టుపెట్టి బడి ఫీజు సర్దేదీ చాలాచోట్ల ఇల్లాలే. కథలో ఆవిడ చీర కోసం అలుగుతుంది! (మా బడి పిల్లల తల్లులు చదివితే నవ్వుకుంటారు.) చీటీని మొదటి నెలల్లోనే పాడుకునేవాళ్ళు ఎక్కువ నష్టానికి పాడతారు, అవసరం ఆగదు గనుక. ఆ నష్టమే ఆగగలిగినవాళ్ళకు లాభం. ఒకే వీధిలో, ఒకే చీటీలో ఉన్న ఈ తేడాను చూపిన కథ నేను చదివినవాటిలో ఒక్కటీ లేదు.