ఒకే పియానో, నాలుగు చేతులు

మన కచేరీలలో ఇద్దరు కలిసి పాడటం, ఇద్దరు కలిసి వయొలిన్ వాయించటం కొత్త కాదు. అయితే ఆ ఇద్దరికీ చెరొక గొంతు, చెరొక వయొలిన్ ఉంటాయి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ఇద్దరు ఒకే పియానో ముందు పక్కపక్కన కూర్చుని, ఉన్న 88 మెట్లనూ పంచుకుని వాయించే పద్ధతి ఒకటి ఉంది. ఇది ఇంటి కాలక్షేపమే గాని కచేరీ విద్య కాదని చిన్నచూపు చూసినవారున్నారు. వారితో మేము ఏకీభవించలేము.

ఆ చిన్నచూపుకు కారణం లేకపోలేదు. గ్రామఫోను రాకముందు ఐరోపా కుటుంబాలు పెద్ద సింఫనీలను నాలుగు చేతులకు కుదించిన ప్రతులు కొని, ఇంట్లో వాయించుకుని తెలుసుకునేవి. రికార్డులు వచ్చాక ఆ అవసరం తీరింది. నకళ్ళతోపాటు అసలు రచనలూ మరుగున పడ్డాయి. మొజార్ట్ 1786, 1787 సంవత్సరాలలో నాలుగు చేతుల కోసమే రెండు గొప్ప సొనాటాలు రాశాడు. అవి దేనికీ నకళ్ళు కావు.

అన్నిటిలో మేలైనది షూబర్ట్ రచించిన ఎఫ్ మైనర్ ఫాంటసీ అని మా అభిప్రాయం. 31వ ఏట మరణించిన ఆ సంవత్సరమే, 1828లో, దానిని పూర్తిచేసి తన పూర్వ శిష్యురాలు కరొలీన్ ఎస్తర్‌హాజీకి అంకితమిచ్చాడు. సుమారు 20 నిమిషాల రచన; నడుమ విరామం లేదు. మంద్రస్థాయిలో ఒకరు మెల్లగా స్వరాలు కదుపుతుండగా, తారస్థాయిలో రెండోవారు పంచమం నుంచి పై షడ్జానికి ఎక్కి, మళ్ళీ మళ్ళీ అక్కడికే వస్తారు. చివర ఒకే పల్లవిని చేతులు ఒకదాని వెంట ఒకటి అందుకుని పెద్ద హోరు చేస్తాయి. ఆ హోరు ఠక్కున ఆగుతుంది. క్షణం మౌనం. తిరిగి మొదటి పల్లవే వినిపిస్తుంది.

మన జుగల్‌బందీలో సవాలు, జవాబు ఉంటాయి. ఇక్కడ పోటీకి చోటు లేదు. పెడల్ సాధారణంగా మంద్రం వాయించేవారి కాలికింద ఉంటుంది. వారు పక్కవారి స్వరాన్ని విని తొక్కాలి. నడిమి మెట్ల దగ్గర ఒకరు చేయి తీస్తేగాని మరొకరికి చోటు దొరకదు. టొరాంటోలో 1976లో జంట కట్టిన జేమ్స్ అనాగ్నోసన్, లెస్లీ కింటన్‌లు రెండు పియానోల రచనలతోపాటు ఈ విద్యనూ కచేరీ వేదిక ఎక్కించారు.

ఇదంతా స్కార్‌బరోలో మనకెందుకంటే, మన పిల్లలు చాలామంది పియానో నేర్చుకుని రాయల్ కన్సర్వేటరీ గ్రేడ్లు ఒక్కొక్కటే దాటుతున్నారు. సాధన ఒంటరిది, పరీక్షా ఒంటరిదే. చివరి సర్టిఫికెట్ గోడకెక్కాక పియానో మూత పడటం కద్దు. వాయించటానికి తోడు లేని విద్య ఎంతకాలం నిలుస్తుంది?

తల్లిదండ్రులు తమకు రాదని వెనుదీయనక్కరలేదు. డియాబెల్లి రాసిన జంట పాఠాలలో పైభాగం వాయించేవారికి అయిదు స్వరాలు చాలు. చేయి చోటు మార్చనక్కరలేదు. కష్టమైన కిందిభాగం బిడ్డ వాయిస్తే, అమ్మో నాన్నో పక్కన శిష్యులుగా కూర్చోవచ్చు. మన సంఘం తదుపరి కార్యక్రమంలో పియానో వంతు వచ్చినప్పుడు ఇటువంటి జంట అంశం ఒక్కటైనా ఉండాలని మా సూచన.