టెలివిజను ముఖాముఖియు మన తీర్పులును

రాజకీయ నాయకుడు టెలివిజనునందు కోపించిన మఱునాడు మనవారు మాటాడుకొను తీరును గూర్చి కొంతకాలముగా వ్రాయదలచి, ఎన్నికల వేడి చల్లాఱనిమ్మని ఊరకుంటిమి. కాని మన దేశమున ఒక యెన్నిక చల్లాఱులోపల మఱియొకటి రాజుకొనుచున్నది గనుక ఇక వేచి లాభములేదు. నాయకుని గూర్చి వ్రాయువారు పెక్కుమంది కలరు. అతనిని చూచి మనమిచ్చు తీర్పును గూర్చి వ్రాయువారు తక్కువ. మా విమర్శ చూచువారిని గూర్చినది. ఆ చూచువారిలో మేమును ఉన్నాము.

చిత్తూరునకు చేరువనున్న కట్టమంచి గ్రామమున పుట్టిన రామలింగారెడ్డిగారు 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ ప్రకటించినపుడు, పింగళి సూరనార్యుని ‘కళాపూర్ణోదయము’ను ముందిడుకొని, కథ యెట్లు నడచినది, పాత్రకు తగిన మాట వచ్చినదా, కల్పన అతికినదా యని పరీక్షించిరి. పండితులు కొందఱికి ఆ గ్రంథము కోపము తెప్పించినది. తెప్పించినను, ఆయన పట్టుకొన్న కొలబద్ద ఒక్కటే: కావ్యములో ఏమున్నది? ఆయన రాజకీయములు తెలియని యొంటరి పండితుడు కాడు. చట్టసభలో కూర్చుండినవారు, 1930లో ప్రభుత్వపు దమననీతికి నిరసనగా ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షపదవిని విడిచినవారు. కావ్యము చదువుటకు ఆయన మా జిల్లావారికి నేర్పిన పద్ధతిని టెలివిజను చూచుటకు వాడుకొన్న నేమగునో చూతమని మాకు తోచినది.

ముఖాముఖియు ఒక చిన్న నాటకమే. ప్రశ్న దానికి బీజము, జవాబు ఫలము. నడుమ వచ్చు కోపము, నవ్వు, కన్నీరు సంచారిభావముల వంటివి. సంచారులు స్థాయిని పోషింపవలెను గాని దానిని మ్రింగరాదు. మన ముఖాముఖులలో సంచారి స్థాయిని మ్రింగుచున్నది. చూచు మనము చప్పట్లు కొట్టుచున్నాము.

1997 మే నెలలో బ్రిటనునందు జెరెమీ పాక్స్‌మన్ అను టెలివిజను విలేకరి, అంతకుముందే హోంమంత్రి పదవినుండి దిగిన మైకేల్ హోవర్డును ఒక ప్రశ్న యడిగెను: కారాగారముల ప్రధానాధికారి నిర్ణయమును త్రోసిపుచ్చెదనని మీరు బెదరించితిరా? హోవర్డు మఱేదియో చెప్పెను. పాక్స్‌మన్ ఆ ప్రశ్ననే మరల అడిగెను. మరల మఱేదియో వచ్చెను. ఇట్లు పదిమార్లకు మించి అడిగెను. కేకలు లేవు, బల్ల గ్రుద్దుట లేదు. ఇన్నేండ్లకును ఆ దేశమువారు ఆ ముఖాముఖిని తలచుకొన్నప్పుడు ముందుగా తలచునది ఆ ప్రశ్నను. హోవర్డు అటుపిమ్మట తన పక్షమునకు నాయకుడయ్యెననుటయు నిజమే. కాని ప్రశ్న మునిగిపోలేదు.

మన దేశపు సంగతి వేఱు. 2004లో అప్పటి తమిళనాటి ముఖ్యమంత్రి జయలలితగారిని కరణ్ థాపర్‌గారు బీబీసీ కొఱకు ప్రశ్నించిరి. జ్యోతిషము, సంఖ్యాశాస్త్రము మొదలగు నమ్మకములను గూర్చిన ప్రశ్నలు ఆమెకు రుచింపలేదు. చివర ఆయన ధన్యవాదములు చెప్పగా, మీతో మాటాడుట తనకు సంతోషము కలిగింపలేదని చెప్పి, నమస్కరించి, మైకు తీసివేసిరి. నగరి, పుత్తూరు, సత్యవేడు ప్రాంతములలో తెలుగును తమిళమును సమానముగా నెఱిగిన కుటుంబములు పెక్కు కలవు గనుక, మా వైపున ఆమె మాట వచ్చినప్పుడెల్ల ఆ ముఖాముఖి మాటయు వచ్చును. ఎవరినడిగినను ఆ నమస్కారమును అభినయించి చూపుదురు. ఏమి యడిగిరని యడిగిన తడుముకొందురు.

2007 అక్టోబరున ఆ థాపర్‌గారే గుజరాతు ముఖ్యమంత్రిగా నున్న నరేంద్ర మోదీగారిని 2002నాటి మారణకాండను గూర్చి అడిగిరి. మూడు నిముషములు గడచెనో లేదో, ఆయన మంచినీళ్లడిగి, మైకు తీసి, మాట చాలించిరి. అభిమానులు అడిగిన వానిని తిట్టిరి. ప్రతిపక్షులు పాఱిపోయెనని నవ్విరి. ఆ గ్లాసెడు నీళ్లను గూర్చి జరిగినంత చర్చ ఆ ప్రశ్నను గూర్చి జరుగలేదు. ఒక రాష్ట్రమున జనులు చచ్చిన సంగతి తిట్టునకును నవ్వునకును నడుమ జాఱిపోయినది. ఇందులో ఇంకొక చిక్కు కలదు. మగవాడు లేచిపోయిన, తప్పించుకొనెనని కాని పౌరుషము చూపెనని కాని అందురు. స్త్రీ లేచిపోయిన, ‘ఆడుదానికి అంత పొగరా’ అందురు. మొదటి తీర్పు చేసిన పనిని గూర్చినది. రెండవది పుట్టుకను గూర్చినది.

తెలుగు టెలివిజనులో వేడి యింకను చేతికందు వస్తువైనది. 2021 ఫిబ్రవరిలో ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రత్యక్షప్రసార చర్చయందు మాటకు మాట పెరిగి, అమరావతి ఉద్యమమున పాల్గొన్న కొలికపూడి శ్రీనివాసరావుగారు భారతీయ జనతా పక్షపు నాయకులైన విష్ణువర్ధనరెడ్డిగారిపై చెప్పెత్తి కొట్టిరి. ఆ దృశ్యమును చూడని యిల్లు లేదు. ఆ చర్చ ఏ విషయమును గూర్చి మొదలయ్యెనో నేడు చెప్పగలవా రెందఱు? 2024లో శ్రీనివాసరావుగారు తిరువూరునుండి శాసనసభకు ఎన్నికైరి. వోటరులు వేఱు కారణములు చూచి యుందురు. చెప్పు మాత్రము వారికి అడ్డురాలేదు.

ఇక మా జిల్లా సంగతికి వత్తుము. 2021 నవంబరు 17న కుప్పము పురపాలక ఎన్నికల ఫలితములు వెలువడి, 1989నుండి ఆ నియోజకవర్గమునకు ప్రతినిధిగా నున్న చంద్రబాబు నాయుడుగారి పక్షము ఓడినది. రెండు దినములకు, 19న, శాసనసభలో తమ భార్య భువనేశ్వరిగారిని అధికారపక్షమువారు అవమానించిరని చెప్పి, తిరిగి ముఖ్యమంత్రినై కాని ఈ సభకు రానని శపథము చేసి, ఆయన సభ విడిచిరి. మంగళగిరిలో విలేకరులయెదుట వెక్కి వెక్కి యేడ్చిరి. అధికారపక్షమువారు తామామెను ఏమియు అనలేదనిరి. ఆ సాయంకాలము రాష్ట్రమంతట ఒక్కటే ప్రశ్న: ఆ కన్నీరు నిజమా, నటనయా?

ఆ సాయంకాలమే తిరుపతి నీటిలో నున్నది. అప్పటికి తిరుపతి యింకను చిత్తూరు జిల్లాలోనిదే. 18వ తేదీనాటి కుండపోత వానకు తిరుమల కొండదారులపై బండలు విఱిగిపడినవి. శ్రీవారి మెట్టు మార్గము కొట్టుకొనిపోయి, మరల 2022 మే నెలవఱకు భక్తులు నడువ వీలులేకపోయినది. స్వర్ణముఖి పొంగినది. పట్టణపు పల్లపు వీధులలో ఇండ్లలోనికి నీరు వచ్చినది. రెండుమూడు దినములకు రామచంద్రాపురము మండలములోని రాయలచెరువు కట్ట కారుచున్నదని క్రింది గ్రామములవారిని ఇండ్లు విడిచిపొమ్మనిరి.

మా వీధియందు ఆనాడు మోకాటిలోతు నీరు. కరెంటు తిరిగివచ్చినంతనే మేము చేసిన మొదటిపని టెలివిజను పెట్టుట. ఇంటిలో చిన్నవాండ్రు బియ్యపుడబ్బా అటకమీదికి ఎక్కించుచుండిరి. పెద్దలమైన మేము ఒక పెద్దమనిషి ఎడమకన్ను ముందు తుడుచుకొనెనా, కుడికన్నా యని తర్కించుచుంటిమి. సిగ్గుపడి చెప్పుచున్నాము: గడపదాటి వచ్చిన నీటికంటె తెఱమీది కన్నీరే మాకు పెద్దదిగా కనబడినది. మఱునాడు పాలు తెచ్చుటకు నీటిలో ఈడ్చుకొని పోయినప్పుడును, అంగడికడ నిలిచినవారు మాటాడుకొనుచున్నది అదే. మురుగుకాలువ ఎచ్చట పూడినదో తెలిసినవారు ఆ గుంపులో ఇద్దఱు ముగ్గురైన నుండియుందురు. వారినెవరును అడుగలేదు, మేమును అడుగలేదు.

ఆ కన్నీరు నిజమని మా నమ్మకము. ఒకని రాజకీయములను ఎంత గర్హించినను, భార్యను సభలోనికి ఈడ్చిరని తలచినవాని దుఃఖమును పరిహసింపరాదు. కాని నాడు సానుభూతి చూపక ఎత్తిపొడిచినవారును కలరు. వారిలో అప్పటి నగరి శాసనసభ్యురాలు రోజాగారొకరు. నందమూరివారి కుటుంబీకులు తీవ్రముగా ఖండించిరి. డిసెంబరులో వల్లభనేని వంశీగారు ఒక టెలివిజను కార్యక్రమమున భువనేశ్వరిగారికి క్షమాపణ చెప్పిరి. ఆ నెలలోనే ఆమె తిరుపతికి వచ్చి, వరదలో తమవారిని పోగొట్టుకొన్న కుటుంబములకు ఎన్టీఆర్ ట్రస్టు పక్షమున ధనసహాయము చేసిరి. తనకు ఎవరి క్షమాపణయు అక్కఱలేదని కూడ అచ్చటనే చెప్పిరి. ఆమెను మేమందుకు మెచ్చుకొంటిమి. అయితే మఱునాడు తిరుపతివారు చెప్పుకొన్నది క్షమాపణ మాటనే. వరదబాధితుల మాట వార్తల అడుగున మిగిలినది.

వేడి లేని ముఖాముఖి యుండరాదా యని యడుగువారికి ఒక యుదాహరణము చెప్పి ముందుకు పోవుదుము. 2022 అక్టోబరున ‘అన్‌స్టాపబుల్’ అను కార్యక్రమమున చంద్రబాబుగారిని ప్రశ్నించినవారు నందమూరి బాలకృష్ణగారు. బావమఱది, పైగా వియ్యంకుడు. 1995లో రామారావుగారు పదవి కోల్పోయిన ఘట్టము కూడ అందులో ప్రస్తావనకు వచ్చినది. వియ్యంకుడు అడిగిన ప్రశ్నకు వియ్యంకుడు చెప్పిన జవాబు పెండ్లివిందులో వడ్డించిన పాయసము వంటిది. చల్లగా నుండును, తీయగా నుండును. వేడి లేకపోవుట నిష్పక్షపాతము కాదు.

2023 సెప్టెంబరున, చట్టసభలలో మూడింట నొకవంతు స్థానములు స్త్రీలకు కేటాయించు బిల్లును పార్లమెంటు ఆమోదించినది. దేశమంతట అభినందనలు. ఆ నెల ముగియకమునుపే మాజీమంత్రి బండారు సత్యనారాయణమూర్తిగారు, అప్పటికి రాష్ట్రమంత్రిగా నున్న రోజాగారి సినిమా జీవితమును సాకుగా గొని ఆమె శీలమును గూర్చి మాటాడిరి. ఆ మాటలను మేమిచ్చట తిరిగి వ్రాయము. అక్టోబరు 2న ఆయనను నిర్బంధించిరి. రోజాగారు విలేకరులయెదుట కన్నీరు పెట్టుకొనిరి. ఖుష్బూ, రాధిక, మీనా మొదలగు నటీమణులు ఆమె పక్షమున నిలిచిరి.

ఇప్పుడు చదువరులు మన యూళ్ల మాటలను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 2021లో ‘ఇంటి ఆడువారి జోలికి పోవుదురా’ యని మండిపడిన నోళ్లే 2023లో ‘ఆమె నోరు మాత్రము మంచిదా’ యనినవి. 2021లో ‘అంతా నాటకము’ అన్న నోళ్లే 2023లో ‘స్త్రీజాతికి అవమానము’ అనినవి. రెండుసార్లును అవమానము స్త్రీదే. రెండుసార్లును మనము మొదట విచారించినది, ఆమె ఏ పక్షపు ఇంటిలో నున్నది యని. మా బంధువులలో రెండు పక్షములవారును కలరు. ఈ రెండు ఘట్టములలోను ఒక్క తీర్పు చెప్పినవారు మాకు వ్రేళ్లమీద లెక్కింప దగినంతమంది కనబడిరి.

రోజాగారి మాట కఱకైనదనుట మేము కాదనము. ఆమెను 2015 డిసెంబరున శాసనసభనుండి ఒక్క యేడు బహిష్కరించిరి. ఆమె ప్రత్యర్థులను దూషించిన తీరు మాకెన్నడును నచ్చలేదు. కాని కఱకుమాటకు జవాబు మఱియొక మాట. కావలసినచో మఱింత కఱకుమాట. ఆమె పర్యాటకశాఖను ఎట్లు నడపెను? నగరి మగ్గములవారికి ఏమి చేసెను? ఇట్టి ప్రశ్నలు వేసి నిలదీయవచ్చును. మగ మంత్రి నోరుజాఱినప్పుడు అతని ప్రసంగమును విమర్శింతుము. స్త్రీ నోరుజాఱినప్పుడు ఆమె పడకగదిని విమర్శింతుము. పూర్వము నటియైన స్త్రీకి గౌరవములేదని చెప్పువారిని చూచి మన సంస్కర్తలు పోరాడిరి. నటియై, శాసనసభ్యురాలై, మంత్రియైన స్త్రీకిని అదే మాట ఎదురగుచున్నది.

దీని ఫలము ఎవరిమీద పడుచున్నదో మాకు కంటియెదుట కనబడుచున్నది. తిరుపతిలో 1983లో స్థాపితమైన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము కలదు. అచ్చట చదువు బాలికలు వక్తృత్వపు పోటీలలో బహుమానములు పుచ్చుకొని యింటికి వత్తురు. మన రాష్ట్రమున పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. బహుమానము తెచ్చిన బాలిక, ఎన్నికలలో నిలుతునా అమ్మా యని యడిగినచో, తల్లి టెలివిజనువైపు చేయి చూపును. ఆ తల్లి మూఢురాలు కాదు. ఆమె చూచినదానినే చెప్పుచున్నది. సర్పంచి పేరు భార్యది, పెత్తనము భర్తది యని మనము నవ్వుకొందుము గదా. మాటాడిన స్త్రీకి ఏమి జరుగునో ప్రతి సాయంకాలము భోజనవేళ చూచుచుండిన యింటిలో, ఆమె మౌనముగా వ్రేలిముద్ర వేసి లోనికి పోవుటలో వింత యేమి?

ఇట్టి కార్యక్రమములను నిషేధింపవలెనని కొందఱు మిత్రులు మాతో వాదించిరి. మేమంగీకరింపము. నాయకుని ప్రశ్నించు తావులు మనకు అధికముగా లేవు. ఉన్నవానిని మూసికొనుట వారికే మేలు. కోపమును మాన్పింపుమనుటయు మా యభిప్రాయము కాదు. జయలలితగారికి కోపింప హక్కు కలదు, థాపర్‌గారికి అడుగ హక్కు కలదు. మేమడుగునది ప్రేక్షకుని హక్కును గూర్చి: జవాబు రాలేదని గుర్తించి, తెఱ చీకటియైన పిదపను ఆ ప్రశ్నను మఱవకుండు హక్కు.

రాయలచెరువు కట్ట నిలిచినది. క్రింది గ్రామములవారు తిరిగి యిండ్లకు వచ్చిరి. 2024లో రోజాగారు నగరిలో ఓడిరి. ఆ యేడు జూన్ 21న చంద్రబాబుగారు తాము శపథము చేసినట్లే ముఖ్యమంత్రిగా సభలో అడుగుపెట్టిరి. టెలివిజనులన్నియు 2021నాటి కన్నీటిని మరల చూపినవి. ఆ దినముననే తిరుపతి పల్లపు వీధులలోనికి నీరు ఏల వచ్చెను, ఏ కాలువ ఎచ్చట మూసికొనిపోయెను, అను ప్రశ్నను ఇరుపక్షములలో ఏ నాయకుని ముందైన నుంచి, జవాబు రానప్పుడు రెండవమాఱు అడిగిన ముఖాముఖిని మేమింతవఱకు చూడలేదు.