చీమ దాకా రావాలంటే

రెండో తరగతి పిల్లల్లో చాలామంది చదవరు, కూడబలుక్కుంటారు. మాట చివరికి చేరేసరికి మొదలు మరిచిపోతారు. తప్పు వాళ్లది కాదు. గుణింతాలూ ఒత్తులూ అన్నీ వచ్చాకే కథల పుస్తకం అన్న వరస మనం పెట్టిందే.

నేను ఏడు చేపల కథతోనే మొదలుపెడతాను. చేప గడ్డిమోపు మీద, గడ్డిమోపు ఆవు మీద, ఆవు పాలేరు మీద నేరం నెట్టుకుంటూ పోతాయి. అడిగే ప్రశ్న మాత్రం అదే, పేరొక్కటే మారుతుంది. పేజీకి ఒకరి చొప్పున పెద్దక్షరాలతో రాసి, వేలు పెట్టి చదవమంటాను. రెండు మూడు పేజీలు తిరిగేసరికి "ఎందుకు" అన్న మాట దగ్గర ఎవరూ ఆగరు. ఓ పిల్ల "పాలేరు" ఉన్నచోట "గొల్లవాడు" అని చదివేసింది. వాళ్ల నాయనమ్మ అలాగే చెబుతుందట. అంతలోనే వేలు ఆగింది. "పా" కేసి చూసి తనే దిద్దుకుంది. కథ తెలియకపోతే ఆ పిల్ల "పా" దగ్గరే కూర్చునేది, కథ చివరనున్న చీమ దాకా వచ్చేదే కాదు.

ఇది నా కొత్త ఊహేం కాదు. 1939లో పోయిన గిజుభాయి బధేకా రాసిన "పగటికల"లో లక్ష్మీరాం మాస్టారు అల్లరి క్లాసును కథలతోనే దారికి తెచ్చుకుంటాడు. అందరూ ఒకే వాచకం కొనే బదులు ఆ డబ్బుతో రకరకాల పుస్తకాలు తెప్పించి తరగతికే గ్రంథాలయం పెడతాడు. మనకిప్పుడు పుస్తకాలు లేక కాదు. బీరువాలో ఉన్నాయి, తాళం వేసి. చిరిగితే స్టాకు రిజిస్టరుకు జవాబు చెప్పేదెవరని భయం. ఏళ్ల తరబడి నలగని కథల పుస్తకం కనబడితే నాకు ఒళ్లు మండుతుంది.

పెద్ద తరగతుల్లో చిక్కు వేరు. అక్షరాలొచ్చు, ఆసక్తే లేదు. వాళ్లకు ఖదీర్‌బాబు "దర్గామిట్ట కతలు" పైకి చదువుతాను. కావలి ముస్లిం ఇల్లు, నెల్లూరు యాస. మొదటి పేరాకే కిసుక్కుమంటారు, తర్వాత సర్దుకుంటారు. అమ్మమ్మది నెల్లూరని చెప్పి, ఎప్పుడూ నోరెత్తని కుర్రాడొకడు నా పలుకుబడి సరిచేశాడు.

అయ్యాక "ఈ కథలో నీతి ఏమిటి?" అని మాత్రం అడగను. ఆ ప్రశ్న వస్తుందని తెలిస్తే పిల్లలు కథ వినడం మానేసి జవాబు వెతుక్కుంటారు. పుస్తకం బల్ల మీద పెట్టి అటెండెన్సు తీసుకుంటాను. ఆలోపు ఎవరో ఒకరు పట్టుకుపోతారు.