అక్షరం లేని వీరగల్లుకూ ఆనవాళ్లున్నాయి

పాత సైనిక బొమ్మలు సేకరించేవాళ్లు ముఖం చూసి బొమ్మను గుర్తుపట్టరు. అమెరికాలో హాస్‌బ్రో సంస్థ 1964లో తెచ్చిన జి.ఐ. జో బొమ్మకు కుడి బొటనవేలి గోరు అడుగువైపు ఉంటుంది. అసలుదేదో నకలేదో తేల్చడానికి వాళ్లు వెతికేది అలాంటి గుర్తులనే. కోలారు జిల్లాలో అంతకంటే వెయ్యేళ్లు పాత సైనికులు చెరువు కట్టల మీద, గుడి గోడల పక్కన, పొలం గట్లలో నిలబడి ఉన్నారు. బైరకూరు, ఆవని ఉన్న ముళబాగిలు తాలూకాతో సహా ఈ సీమ కోసం గంగరాజులు, బాణులు, నొళంబులు, చోళులు తలపడ్డారు. ఆ పోరుల్లో, పశువుల మందల కోసం జరిగిన కొట్లాటల్లో చనిపోయినవాళ్లకు ఊళ్లు నిలిపిన రాళ్లే వీరగల్లులు. అన్నీ ఒకేలా ఉన్నాయనుకుని దాటిపోతాం గానీ, తేడాల్లోనే వాటి చరిత్ర ఉంది. రాయి తన చోటున ఉంటేనే ఆ తేడాలకు పూర్తి అర్థం దొరుకుతుంది.

మొదట అంతస్తులు చూడాలి. మూడంతస్తుల రాయిలో కింద పోరు, మధ్యలో వీరుణ్ణి తీసుకుపోయే అప్సరసలు, పైన శివలింగం దగ్గర కూర్చున్న వీరుడు కనిపిస్తారు. గంగరాజుల నాటి రాళ్లలో చాలావాటికి ఒక్క అంతస్తే. శాసనం బొమ్మ పైనా పక్కలా సాగుతుంది. తర్వాత ఆయుధం: విల్లా, కత్తీ డాలా, గుర్రమా, కాలినడకా. పక్కన ఆవులు చెక్కి ఉంటే మందను విడిపించబోయి చచ్చినవాడు. పంది ఉంటే వేటలో పోయినవాడు. స్తంభం నుంచి వచ్చినట్టు, మోచేతి దగ్గర మడిచి పైకెత్తిన గాజుల చేయి ఉంటే అది మాస్తికల్లు, సతీసహగమనానికి గుర్తు. ఇవన్నీ నడిమధ్యాహ్నం కనపడవు. ఏటవాలు ఎండ పడే పొద్దుటి పూటో సాయంత్రమో చూస్తే అరిగిన గీత కూడా నీడతో తేలుతుంది. కాలం తేల్చడానికి రాజు పేరొక్కటే చాలదు: కొంగుణివర్మ, పెర్మానడి అన్నవి గంగరాజులు తరతరాలుగా పెట్టుకున్న బిరుదులు. అక్షరాల తీరును కూడా కలిపి చూస్తేనే కాలం కాస్త నిలుస్తుంది.

ఇంత విలువైనవాటిని మ్యూజియంకు తరలిస్తే భద్రం కదా అనేవాళ్లున్నారు. ఆ మాటలో నిజం ఉంది. సుమారు 900 నాటి బేగూరు వీరగల్లు బెంగళూరు మ్యూజియంలో ఉండబట్టే ఏనుగులూ గుర్రాలూ కిక్కిరిసిన ఆ యుద్ధాన్ని ఇవాళ దగ్గరగా చూడగలుగుతున్నాం. కానీ ఆ రాయి అదృష్టం వేరు: తుంబేపాడి పోరులో నాగత్తరుడు పడిపోయాడనీ, బేగూరు పన్నెండు ఊళ్లు ఇరుగుడికి ఇచ్చారనీ దాని మీదే రాసి ఉంది. ఎక్కడికి తీసుకెళ్లినా తన ఊరిని వెంట తీసుకెళ్తుంది. అక్షరం లేని రాళ్లకు ఆ వీలు లేదు. ఏ ఊరి మంద, ఏ పొలిమేర అన్నది అవి నిలబడ్డ చోటే చెప్పాలి. అక్కడినుంచి పెకలిస్తే మిగిలేది ఒక శిల్పం మాత్రమే. ఊళ్లో ఉంచితే నూనె, పసుపు, సున్నం పూస్తారు, రోడ్డు పనుల్లో పూడ్చేస్తారు అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. పూతలు గీతలను పూడ్చేస్తాయి, నిజమే. అయినా చాలాచోట్ల రాయిని ఇన్నేళ్లు నిలబెట్టింది ఆ పూజే. పూత మానమని ఊరికి నచ్చజెప్పడం రాయిని తరలించడంకన్నా మేలు.

వీటి విషయంలో సేకరణ అంటే నకలు తీయడమే కావాలి. తడి కాగితాన్ని రాతికి అంటించి, కుంచెతో కొట్టి అక్షరాల గుంటల్లోకి దిగేలా చేసి, పైన సిరా అద్దితే అక్షరం తెల్లగా తేలుతుంది. బి. లూయిస్ రైస్ 1905లో కోలారు జిల్లా శాసనాలను ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటంగా అచ్చు వేశాడు కాబట్టి, రాయి పోయిన చోట కూడా పాఠం మిగిలింది. ఈమధ్య బెంగళూరు మిథిక్ సొసైటీ శాసనాలను త్రీడీ స్కానింగ్ చేయిస్తోంది. అయితే రైస్ అచ్చు వేసింది శాసనాల సంపుటం. అక్షరం లేని వీరగల్లులు అందులోకి రావు. ఊరు, నిలిచిన చోటు, చూసే దిక్కు, ఎత్తు, అంతస్తులు, ఆయుధం, పశువు, కొప్పు ఏ పక్కకు ముడిచారో రాసుకోవడం ముందు వాటితోనే మొదలుపెట్టాలి.