అభిరుచి వెనక వర్గం : బ్రిటిష్ యాసల ముచ్చట

బ్రిటన్‌లో పత్రికలకూ ప్రసార సంస్థలకూ ఒక పాత వేడుక ఉంది. మీకు బాగా నచ్చే ప్రాంతీయ యాస ఏది అని జనాన్ని అడగటం, వచ్చిన జవాబులను వరసగా పేర్చి ప్రకటించటం. న్యూకాసిల్ వారి జార్డీ యాస ఆప్యాయంగా ఉంటుందనీ, స్కాట్లండ్ వారి మాట నమ్మదగినట్టు వినిపిస్తుందనీ, యార్క్‌షైర్ వారిది కల్లాకపటం తెలియని గొంతు అనీ, బర్మింగ్‌హామ్ వారి మాట మందబుద్ధిగా తోస్తుందనీ తీర్పులు వెలువడుతుంటాయి. ఇదంతా నిరపాయకరమైన కాలక్షేపంగానే కనిపిస్తుంది. ఎవరి రుచి వారిది అనుకుంటాం. కాని వేలాదిమంది రుచి మళ్లీ మళ్లీ అదే వరసలో నిలబడుతున్నప్పుడు దాన్ని వ్యక్తిగతమైన రుచి అనటం కుదరదు. ఆ వరసను పేర్చినది ఏమిటో వెతకవలసి ఉంటుంది. రచయితలకు ఈ వెతుకులాట మరీ అవసరం. ఏ పాత్ర నోట ఏ యాస పెట్టాలన్న ప్రశ్న దగ్గర తెలిసో తెలియకో మనమూ ఇలాంటి వరసకే లోబడుతున్నాం.

2004లో బి.బి.సి. తన ‘వాయిసెస్’ పథకం కింద జరిపిన సర్వేలో 5 వేలమందికి పైగా పాల్గొన్నారు. 34 యాసల పేర్లు ఇచ్చి రెండు ప్రశ్నలు అడిగారు. ఈ యాస మీకెంత ఇంపుగా ఉంటుంది? దీనికి సమాజంలో ఎంత గౌరవం ఉంది? రెండు ప్రశ్నలకూ రెండు రకాల జాబితాలు వచ్చాయి. గౌరవంలో రాణిగారి ఇంగ్లీషుదే అగ్రస్థానం, ఇంపులో మాత్రం దానికి ఆ పీట దక్కలేదు. న్యూకాసిల్ యాస మీద ఇష్టం ఎక్కువ, గౌరవం తక్కువ. బర్మింగ్‌హామ్ యాస రెండింటిలోనూ అట్టడుగున పడింది. ‘ఆసియన్’ అని ముద్రవేసిన ఉచ్చారణ కూడా ఆ దరిదాపుల్లోనే ఉంది. అది మన ఉపఖండం నుంచి వెళ్లినవారిదీ, వారి పిల్లలదీ. ‘అచ్చం నా యాస వంటిది’ అన్న అంశాన్ని మాత్రం జనం ఇంపులో పై వరసలోనే నిలబెట్టారు. ఈ ఒక్క సంగతి చాలు, జనానికి తమ నోరంటే సహజంగా అసహ్యం లేదని తెలుసుకోవటానికి.

ఇంపు అనేది ధ్వనిలోనే ఉందని వాదించేవారు లేకపోలేదు. కొన్ని యాసలు పుట్టుకతోనే మధురమనీ, కొన్ని కర్కశమనీ వారంటారు. దీన్ని 1974లో గైల్స్, ట్రడ్గిల్ మొదలైనవారు పరీక్షకు పెట్టారు. గ్రీకు భాషలో ఏథెన్స్ ఉచ్చారణకు గౌరవం ఉంది, క్రీటు ద్వీపం వారి ఉచ్చారణకు లేదు. గ్రీకు ఒక్క ముక్క కూడా రాని బ్రిటిష్ విద్యార్థులకు ఆ రెంటినీ వినిపించారు. వారికి ఒకటి ఎక్కువగానూ మరొకటి తక్కువగానూ తోచలేదు. మాట్లాడేది ఎవరో, వారు సంఘంలో ఏ మెట్టు మీద ఉన్నారో తెలిసిన చెవికి మాత్రమే యాస తీపిగానో చేదుగానో ఉంటుంది.

ఇంగ్లండులో ఆ మెట్లు ఎలా కట్టారో చరిత్రలో స్పష్టంగానే ఉంది. 19వ శతాబ్దపు రెండో సగంలో సంపన్నుల పిల్లలు చదివే బోర్డింగు పాఠశాలలు, ఏ ఊరిదని చెప్పలేని ఒక ఉచ్చారణను తయారు చేశాయి. 1917లో డేనియల్ జోన్స్ తన ఉచ్చారణ నిఘంటువులో దానికి ‘పబ్లిక్ స్కూల్ ఉచ్చారణ’ అనే పేరు పెట్టాడు. పేరులోనే వర్గం ఉంది. 1926 ముద్రణకు వచ్చేసరికి అది ‘రిసీవ్డ్ ప్రొనన్సియేషన్’ అయింది, వర్గం మరుగున పడింది. మన విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లీషు ఎం.ఏ. చదివిన తరాలు ఆ నిఘంటువును ప్రమాణంగా పెట్టుకుని నోళ్లు తిప్పుకున్నాయి. ఆ ఉచ్చారణ బ్రిటన్‌లోనే నూటికి ముగ్గురిది మాత్రమేనని ట్రడ్గిల్ 1970లలో అంచనా వేశాడు. మనవాళ్లకు ఆ సంగతి ఎవరు చెప్పారు గనక!

యుద్ధకాలంలో, 1941లో, బి.బి.సి. హాలిఫాక్సుకు చెందిన విల్‌ఫ్రెడ్ పికిల్స్ చేత జాతీయ వార్తలు చదివించింది. అతనిది యార్క్‌షైర్ యాస. హాస్య కార్యక్రమంలో అయితే ఆ యాస విని మురిసిపోయేవారే. వార్తల్లో వినగానే ఫిర్యాదులు మొదలయ్యాయి. వార్త అంటే సత్యం, సత్యానికి ఒక వర్గపు గొంతే ఉండాలని శ్రోతకు అప్పటికే అలవాటు చేశారు. ‘ఇష్టం’ ఎంతవరకు పనిచేస్తుందో ఇక్కడ తేలిపోతుంది. అధికారం ఉన్న చోట అది ఆగిపోతుంది. 2002లో అచ్చయిన ఒక పరిశోధనలో, పోలీసు విచారణలో నిందితుడు బర్మింగ్‌హామ్ యాసలో మాట్లాడినట్టు వినిపించినప్పుడు శ్రోతలు అతన్ని నేరస్థుడని ఎక్కువగా భావించారు. ఇంపు కానితనం ఇక్కడ బోనుదాకా వచ్చింది.

మరి నచ్చిన యాసల గతి ఏమిటి? టైన్ నది ఒడ్డున ఓడల నిర్మాణం కుప్పకూలింది, 1993 నాటికి డరమ్ బొగ్గుగనులు మూతపడ్డాయి. ఆ తర్వాత అక్కడికి కాల్ సెంటర్లు వచ్చాయి. జార్డీ గొంతు ఖాతాదారుకు స్నేహంగా వినిపిస్తుందన్నది వాటి లెక్కల్లో ఒకటి, కూలి చవక అన్నది మరొకటి. 1984-85 సమ్మెలో పికెటింగ్ దగ్గర నినదించిన గొంతునే ఇప్పుడు అమ్మకానికి పెట్టారు. యూనియన్ పోయాకే ఆ యాస అందరికీ ముద్దొచ్చిందేమోనని నా అనుమానం. హైదరాబాదు కాల్ సెంటర్లలో జరిగింది దీనికి తలకిందులు. ‘ఎమ్.టి.ఐ.’ అనే పేరుతో మన పిల్లల మాటలో తెలుగు జాడను ఒక రోగంలా పరీక్షించి వదిలించారు.

ఇంగ్లీషు సాహిత్యం ఈ వరసను చాలాకాలం కాపాడింది. డికెన్స్ సృష్టించిన ఆలివర్ ట్విస్టు పేదల వర్క్‌హౌస్‌లో పుట్టి, దొంగల మధ్య తిరిగి కూడా చక్కని ప్రామాణిక ఇంగ్లీషే మాట్లాడతాడు. మంచివాడు గనక! చుట్టూ ఉన్న దొంగలకు మాత్రం లండన్ వీధి మాట దక్కింది. ఎమిలీ బ్రాంటీ ‘వదరింగ్ హైట్స్’లో జోసెఫ్ నోట పెట్టిన యార్క్‌షైర్ మాటను, ఆమె మరణానంతరం 1850 ముద్రణలో అక్క షార్లెట్టే దక్షిణాది పాఠకుల కోసం పలచబరిచింది. హార్డీ ఒక అడుగు ముందుకు వేశాడు. టెస్ ఇంట్లో ఒక మాట, దొరల ముందు ఒక మాట మాట్లాడుతుందని అతను గమనించాడు. అంటే యాస ఆమె స్వభావం కాదు, ఆమె బతుకులోని ఒత్తిడి అని తెలిసిన రచయిత అతను.

టోనీ హారిసన్ ఈ గాయాన్ని సూటిగా తాకాడు. లీడ్స్ శ్రామిక కుటుంబంలో పుట్టి స్కాలర్‌షిప్పు మీద గ్రామర్ స్కూలుకు వెళ్లిన ఈ కవి, కీట్స్ కవిత చదవబోయి ఉపాధ్యాయుడి చేత అవమానం పొందిన అనుభవాన్ని ‘దెమ్ అండ్ అజ్’లో రాశాడు. ఆ కీట్స్‌ది లండన్ కాక్నీ యాస అన్న సంగతి గుర్తు చేసి తరగతి గదినే నిలదీశాడు. గొప్ప కవిత. అయినా హారిసన్ కోపమంతా ఆ పాత సానెట్టు ఇంట్లో చోటు సంపాదించాలనే కోపం. తండ్రి మాటలు చాలాచోట్ల వేరే అచ్చులో, కవి మాటల పక్కన అతిథుల్లా కూర్చుంటాయి. గ్లాస్గో కవి టామ్ లెనర్డ్ ఆ ఇంటికే వెళ్లలేదు. అతని ‘ఆరుగంటల వార్తలు’ కవితలో చదువరి గ్లాస్గో యాసలోనే మాట్లాడుతూ, ఈ యాసలో చెబితే నిజాన్ని మీరు నమ్మరని శ్రోతకు చెబుతాడు. పికిల్స్ మీద వచ్చిన ఫిర్యాదులన్నిటికీ ఆ చిన్న కవితలో జవాబుంది.

1994లో జేమ్స్ కెల్మన్ నవల ‘హౌ లేట్ ఇట్ వాజ్, హౌ లేట్’కు బుకర్ బహుమతి వచ్చినప్పుడు న్యాయనిర్ణేతల్లో ఒకరే దాన్ని సిగ్గుచేటు అన్నారు. బూతులున్నాయన్నది పైకి చెప్పిన కారణాల్లో ఒకటి. అసలు నేరం మరొకటి అనుకుంటాను. పాత్రకు యాస, కథకుడికి ప్రామాణిక భాష అనే గోడను కెల్మన్ కూల్చాడు. చూపు పోయి గ్లాస్గో వీధుల్లో తడుముకుంటూ నడిచే సామీ మాటా, అతన్ని గురించి చెప్పే కథనమూ ఒకే నేల మీద నడుస్తాయి. పాత్రను పైనుంచి చూసి పాఠకుడికి వివరించే పెద్దమనిషి అందులో లేడు. పాఠకుడికి ఆ పెద్దమనిషి పక్కన కూర్చునే సుఖం పోయింది.

మన కథల్లో ఆ పెద్దమనిషి క్షేమంగానే ఉన్నాడు. సినిమా దశాబ్దాల తరబడి తెలంగాణ యాసను రౌడీకీ హాస్యగాడికీ కేటాయించిందని మనం సరిగానే విమర్శించాం. కాని కూలి పాత్ర నోట నాలుగు యాస మాటలు పలికించి, కొటేషన్ గుర్తు దాటగానే శిష్ట భాషలోకి వచ్చి చేతులు కడుక్కునే కథలను ‘వాస్తవిక’ కథలని మెచ్చుకుంటూ వచ్చాం. నామిని ‘పచ్చనాకు సాక్షిగా’లో కథకుణ్ణే చిత్తూరు జిల్లా పల్లె మాటలో మాట్లాడించారు. ఆ తర్వాత తెలంగాణ నుంచీ ఉత్తరాంధ్ర నుంచీ అలా రాసినవారున్నారు. వారి పుస్తకాల మీద వచ్చే సమీక్షల్లో యాస కమ్మగా ఉందన్న వాక్యం తప్పక కనిపిస్తుంది. ఆ యాసలో ఆ రచయిత ఏమన్నాడో చెప్పే వాక్యం కోసం మాత్రం తరచు వెతుక్కోవలసి వస్తోంది.