మొక్కు పేరు

హైదరాబాద్ మొఘల్‌పురాలో అద్దెకు దిగిన కొత్తలో కింది వాటా పెద్దాయన నా పేరు అడిగారు. "సైదులు" అన్నాను. ఆయన నా ముఖం చూస్తూ "సయ్యద్... ఆగే క్యా?" అన్నారు. ఈ గల్లీల్లో సయ్యద్ అనేది పేరుకు ముందొచ్చే మాట, అసలు పేరు ఆ తర్వాత రావాలి. మా ఊళ్లో మాత్రం అదే మొత్తం పేరు. "అంతే చాచా, ఇంకేం లేదు" అన్నాను.

అరబీలో సయ్యద్ అంటే పెద్ద, నాయకుడు. ప్రవక్త కూతురు ఫాతిమా, అలీల సంతతివాళ్లు పేరుకు ముందు గౌరవంగా పెట్టుకుంటారు. మా నల్గొండ వైపు పల్లెల్లోకి వచ్చాక అది సైదు అయింది. చివరి ‘లు’ మనది. రాముణ్ని రాములు, ఆంజనేయుణ్ని ఆంజనేయులు అన్న నోరే మా వైపు దర్గాలోని వలీని సైదులు అంది. దేవుడికిచ్చిన మర్యాదే ఆయనకూ ఇచ్చింది. ఆడపిల్లయితే సైదమ్మ, రెడ్ల ఇంట్లో సైదిరెడ్డి. 2019 ఉప ఎన్నికలో హుజూర్‌నగర్ నుంచి గెలిచిన ఎమ్మెల్యే పేరు శానంపూడి సైదిరెడ్డి. మా వైపు ఆ పేరు ఎవరికీ వింతగా తోచదు.

ఎందుకంటే మాకు ఆ సైదులు కొలువైన జాన్‌పహాడ్ దర్గా ఉంది. ఇప్పటి సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలో. జనవరిలో ఉర్సు జరిగితే గంధం చూడటానికి హిందువులూ ముస్లింలూ కలిసే వస్తారు. నాకు ముందు మా అమ్మకు ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. మా నాయనమ్మ ఆ దర్గా ముందు కొంగుపట్టి, ఈ బిడ్డ దక్కితే నీ పేరే పెట్టుకుంటానని మొక్కింది. నేను దక్కాను. కందూరు చేసి, ఊరందరికీ అన్నం పెట్టి, నాకు ఆ పేరు పెట్టారు.

ఇలాంటి పేర్లు తెలుగునేల అంతటా ఉన్నాయి. అనంతపురం జిల్లా గూగూడులో పీర్ల పండుగనాడు కొలిచే కుళ్లాయిస్వామి పేరు కుళ్లాయప్ప అయింది. కుళ్లాయి అంటే టోపీ, ఫారసీ కులాహ్ నుంచి వచ్చింది. గుంటూరు వైపు మస్తానయ్య, మస్తానమ్మ. రాయలసీమలో దస్తగిరి. ఫారసీలో దస్తగీర్ అంటే చెయ్యి పట్టుకుని ఆదుకునేవాడు. 1166లో బాగ్దాదులో కన్నుమూసిన అబ్దుల్ ఖాదర్ జీలానీకి ఆ బిరుదు. ఎక్కడి బాగ్దాదు, ఎక్కడి కడప! ఆపదలో ఉన్న తల్లికి ఆ దూరం అడ్డం కాలేదు.

పదో తరగతి ఫారం నింపేటప్పుడు మా మాస్టారొకరు ‘సాయి’ అని మారుద్దామన్నారు, బాగుంటుందట. మా నాన్న ఒప్పుకోలేదు. "ఇచ్చిన మాట సారూ, వెనక్కి తీసుకోవద్దు" అన్నాడు. నాకు పేరంటే ఏమిటో తెలిసింది ఆ రోజే. ఈ పేర్లు మోటుగా ఉంటాయని ఇప్పటికీ అంటారు. నేను ఒప్పుకోను. అందం చూసి పెట్టిన పేర్లు కావివి, ప్రాణం అడిగి పెట్టినవి.

సంగతంతా విని చాచా కాసేపు మాట్లాడలేదు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, "తో ఫిర్ హమారే ఘర్ కా నామ్ హై, బేటా" అన్నారు.

మా అన్నదమ్ముల పిల్లల్లో ఒక్క సైదులూ లేడు. మీ ఇంట్లో సైదమ్మో, దస్తగిరో, మస్తానయ్యో ఉంటే ఆ పేరు కోసం ఎవరు, ఎక్కడ, ఎందుకు మొక్కారో అడిగి ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. మా నాయనమ్మను నేను అడగలేదు. ఆ రోజు ఆమెతో దర్గాకు ఎవరెవరు వెళ్లారో చెప్పేవాళ్లు మా ఇంట్లో ఇప్పుడు లేరు.