యూనిట్ 14: సంబంధిత పక్షాల వ్యవహారాలు, సరఫరాదారుల బకాయిలు – ఖాతాల వెల్లడింపులపై విమర్శనాత్మక పరిశీలన

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
– సంబంధిత పక్షం అంటే ఎవరో, చట్టం ఆ గీతను ఎక్కడ గీసిందో చెప్పగలుగుతారు;
– సరఫరాదారుల బకాయిల గురించి కంపెనీ ఏమేమి వెల్లడించాలో వివరించగలుగుతారు;
– ఈ రెండు వివరణలను పక్కపక్కన పెట్టి చదివి, మీ సొంత అభిప్రాయం ఏర్పరచుకోగలుగుతారు.

14.1 పరిచయం

వార్షిక నివేదిక చేతికి రాగానే మనలో చాలామంది ముందు చూసేది లాభం ఎంత, డివిడెండ్ ఎంత అన్నదే. ఆస్తి అప్పుల పట్టీ దాటి, దాని వెనక చిన్న అక్షరాల్లో ఉండే వివరణల దాకా వెళ్ళేవారు తక్కువ. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో నా విద్యార్థులూ అంతే. నిష్పత్తులన్నీ తప్పులేకుండా కట్టేవారు. ఆ కంపెనీ సరుకు ఎవరి దగ్గర కొన్నదో అడిగితే మౌనం.

ఈ యూనిట్ ఆ ప్రశ్న మీదే నడుస్తుంది. కంపెనీ డబ్బు రెండు రకాల వాళ్ళకు వెళుతుంది: సొంతవారికి, బయటివారికి. సొంతవారి సంగతి ఒక వివరణలో, బయటి సరఫరాదారుల సంగతి మరొక వివరణలో ఉంటుంది. వీటి మధ్య ఇరవై ముప్ఫై పేజీల దూరం ఉండవచ్చు. వీటిని కలిపి చూపమని ఏ నిబంధనా చెప్పదు. ఆ పని చదువరి చేసుకోవలసిందే. ఎవరికి ముందు చెల్లించారు, ఎవరిని ఆపారు అన్నది తెలిస్తే కంపెనీ నడవడిక సగం తెలిసినట్టే.

14.2 సంబంధిత పక్షం అంటే ఎవరు?

మన దేశంలో ఇందుకు మూడు కొలబద్దలున్నాయి: అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 24, 2013 కంపెనీల చట్టం, లిస్టయిన కంపెనీలకు సెబీ 2015లో తెచ్చిన నిబంధనలు. మాతృ సంస్థ, అనుబంధ సంస్థలు, సహచర సంస్థలు, కీలక నిర్వాహకులు, వారి దగ్గరి బంధువులు, ఆ బంధువుల అదుపులో ఉన్న సంస్థలు – స్థూలంగా వీరే సంబంధిత పక్షాలు.

అయితే మూడు కొలబద్దలూ ఒకే చోట ఆగవు. కంపెనీల చట్టం బంధువుల జాబితాలో భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, హిందూ అవిభక్త కుటుంబ సభ్యులు ఉన్నారు. భార్య సోదరుడు, అంటే బావమరిది, ఆ జాబితాలో లేడు. మన ఇళ్ళలో వ్యాపారం పెట్టేటప్పుడు మొదట గుర్తొచ్చే మనిషి బావమరిదే కావచ్చు, కానీ చట్టం లెక్కలో అతడు బయటివాడు. సెబీ నిబంధన మాత్రం 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమోటర్ వర్గంలోని ప్రతివారినీ సంబంధిత పక్షంగా చూస్తోంది. ఆ వర్గంలో ప్రమోటర్ జీవిత భాగస్వామి తోబుట్టువులు కూడా వస్తారు. కాబట్టి లిస్టయిన కంపెనీలో ప్రమోటర్ బావమరిది లోపలికి వచ్చాడు. తోడల్లుడు, ఆ బంధుత్వం ఒక్కదాని వల్లే అయితే, ఇంకా బయటే ఉన్నాడు. నిర్వచనం ఎక్కడ ఆగుతుందో తెలిస్తేనే వివరణలో లేని పేరు ఎందుకు లేదో అర్థమవుతుంది.

మరొక మాట కూడా గుర్తుంచుకోండి. ఒకే కంపెనీకి సరుకు అమ్మి బతుకుతున్న చిన్న సరఫరాదారుడు ఎంతగా దానిమీద ఆధారపడినా, అంతమాత్రాన సంబంధిత పక్షం కాడని ఇండ్ ఏఎస్ 24 స్పష్టంగా చెబుతుంది.

14.3 సత్యం–మేటాస్: వెల్లడించినది, దాచినది

హైదరాబాదు కేంద్రంగా నడిచిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఉదంతం మీకు పేరుగా తెలిసే ఉంటుంది. మన విషయానికి దానిలో రెండు ఘట్టాలు ముఖ్యం.

మొదటిది 2008 డిసెంబర్ 16. మేటాస్ ప్రాపర్టీస్‌ను 130 కోట్ల డాలర్లకు పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటాను 30 కోట్ల డాలర్లకు కొనాలని సత్యం బోర్డు తీర్మానించింది. ఇంగ్లీషు అక్షరాల్లో సత్యం పేరును వెనక నుంచి చదివితే మేటాస్ వస్తుంది. రెండింటి వెనక ఉన్నది ఒకే కుటుంబం. సాఫ్ట్‌వేర్ కంపెనీ నగదు రియల్ ఎస్టేటుకు ఎందుకని అడిగేముందు వాటాల లెక్క చూడండి. సత్యంలో ప్రమోటర్ల వాటా 10 శాతం కన్నా తక్కువ. మేటాస్ కంపెనీల్లో మూడో వంతుకు పైగా. అంటే తమ వాటా తక్కువ ఉన్న గల్లా నుంచి డబ్బు తీసి, తమ వాటా ఎక్కువ ఉన్న చోటికి పంపడం. వాటాదారులు తిరగబడ్డారు. అమెరికా మార్కెట్లో సత్యం షేరు సగానికి పైగా పడిపోయింది. కొన్ని గంటల్లోనే ప్రతిపాదనను ఉపసంహరించుకున్నారు.

రెండవది 2009 జనవరి 7. ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో 5,040 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు లేనివేనని ఒప్పుకున్నారు. అదే లేఖలో మరొక అంకె ఉంది: తాను సమకూర్చిన నిధులకు సంబంధించి 1,230 కోట్ల అప్పును పుస్తకాల్లో చూపలేదని. ఆ డబ్బు తమదంటూ తరువాత 37 కంపెనీలు ముందుకు వచ్చాయి.

ఈ రెండు ఘట్టాలను పోల్చండి. మేటాస్ కొనుగోలు బహిరంగంగా ప్రకటించినది. అందుకే గంటల్లో ఆగింది. 1,230 కోట్లు ప్రకటించనిది. అందుకే చేసినవారే చెప్పేదాకా బయటపడలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. ఈ సామెతను అబద్ధం చేయడానికే వెల్లడింపు నియమాలు పుట్టాయి. కానీ పుస్తకంలోకి ఎక్కనిదాన్ని ఏ వివరణా చూపలేదన్న పరిమితినీ సత్యం ఉదంతమే నేర్పింది.

14.4 ఆ తరువాత ఏం మారింది?

చాలా మారింది. 2013 చట్టం 188వ సెక్షన్ ప్రకారం నిర్ణీత వ్యవహారాలకు బోర్డు ఆమోదం, పరిమితి దాటితే వాటాదారుల ఆమోదం కావాలి. లిస్టయిన కంపెనీల్లో ముఖ్యమైన వ్యవహారాలపై జరిగే ఓటింగులో సంబంధిత పక్షాలు ఆమోదానికి ఓటు వేయకూడదు. ఆడిట్ కమిటీలో ఇండిపెండెంట్ డైరెక్టర్లే వీటిని ఆమోదించాలి. 2023 ఏప్రిల్ నుంచి, మధ్యలో బయటి కంపెనీని నిలబెట్టి జరిపిన వ్యవహారమైనా, దాని ఉద్దేశం, ఫలితం సంబంధిత పక్షానికి లాభమైతే అదీ లెక్కలోకి వస్తుంది. పరిమితుల అంకెలను సెబీ ఎప్పటికప్పుడు సవరిస్తుంటుంది. పరీక్షకు ముందు తాజావి చూసుకోండి.

అయినా ఒక సందు మిగిలింది. వ్యాపారంలో మామూలుగా, బయటివారితో చేసే ధరకే జరిగిన వ్యవహారాలకు 188వ సెక్షన్ వర్తించదు. అందుకే దాదాపు ప్రతి నివేదికలోనూ 'అన్నీ మార్కెట్ ధరకే జరిగాయి' అన్న వాక్యం కనిపిస్తుంది. ఆ మాట నిరూపించగలిగినప్పుడే రాయాలని ఇండ్ ఏఎస్ 24 అంటుంది. నిరూపణను చదువరికి చూపమని మాత్రం అనదు. ఒకే రకం వ్యవహారాలను కలిపి ఒకే అంకెగా చూపే వీలూ ఉంది. కాబట్టి మనకు మొత్తం తెలుస్తుంది, ధర తెలియదు.

14.5 బయటివారి బకాయిలు

జీడిమెట్లలో లేత్ మెషిన్ మీద విడిభాగాలు చేసి పెద్ద కంపెనీకి పంపే చిన్న యూనిట్‌ను ఊహించుకోండి. ఒకటో తారీఖున పనివాళ్ళకు జీతాలివ్వాలి, కరెంటు బిల్లు కట్టాలి. పెద్ద కంపెనీ చెల్లింపు మూడు నెలలు ఆగితే ఆ యజమాని వడ్డీకి తెచ్చి నడపాలి. అంటే పెద్ద కంపెనీకి కావలసిన వర్కింగ్ క్యాపిటల్‌ను చిన్నవాడు సమకూరుస్తున్నాడన్నమాట.

ఇతని రక్షణకే 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం వచ్చింది. దాని 15వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులు. దాటితే 16వ సెక్షన్ ప్రకారం రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 6 శాతం అనుకుంటే వడ్డీ 18 శాతం. 10 లక్షల బిల్లు గడువు దాటి మూడు నెలలు ఆగితే వడ్డీ 45,678 రూపాయలు. పేరులో మధ్య తరహా ఉన్నా, ఈ రక్షణ సూక్ష్మ, చిన్న సంస్థలకే.

22వ సెక్షన్ ప్రకారం ఏడాది చివర చెల్లించని అసలు, వడ్డీ, ఆలస్యంగా చెల్లించి వడ్డీ కలపని మొత్తాలపై రావలసిన వడ్డీ వంటివి ఆడిట్ అయిన ఖాతాల్లో చూపాలి. 2023 ఆర్థిక చట్టం మరొక అడుగు వేసింది: గడువులోపు చెల్లించకపోతే ఆ ఖర్చును అసలు చెల్లించిన సంవత్సరంలోనే పన్ను లెక్కలో తగ్గించుకోవాలి.

నియమాలు గట్టివే. మరి లోపం ఎక్కడ?

మొదటిది, కంపెనీల చట్టం మూడో షెడ్యూలుకు 2021లో చేర్చిన బకాయిల వయసు పట్టిక. చట్టం చెప్పిన గడువు 45 రోజులు. పట్టికలో మొదటి గడి 'ఏడాది లోపు'. గడువు దాటి పది రోజులైన బిల్లూ, పదకొండు నెలలైన బిల్లూ ఒకే గడిలో కూర్చుంటాయి. అదే షెడ్యూలులో కంపెనీకి రావలసిన బాకీలకు మాత్రం మొదటి గడి 'ఆరు నెలల లోపు'. రావలసినదాన్ని దగ్గరగా, ఇవ్వవలసినదాన్ని దూరంగా చూస్తున్న పట్టిక ఇది.

రెండవది, బకాయి మొత్తం మార్చి 31 నాటి ఫోటో. ఏడాదంతా ఆలస్యం చేసి మార్చి చివరి వారంలో తీర్చేస్తే బకాయి సున్నా. ఆలస్యానికి వడ్డీ చూపే వరుస నిజం చెప్పాలి. కాని తరువాతి ఆర్డరు పోతుందన్న భయంతో చిన్నవాడు వడ్డీ అడగడు, అడగనిదాన్ని కంపెనీ రాయకుండా వదిలేసే ప్రమాదం ఉంది.

మూడవది, ఎవరు చిన్న సంస్థో గుర్తించే పని కొనుగోలుదారు చేతిలోనే ఉంది. 'మాకు అందిన సమాచారం మేరకు' అన్న మాటను ఇక్కడ గమనించండి.

ఆలస్యానికి కారణం రాయించే ఫారం ఒకటి 2019 నుంచి ఉంది. అయితే అది కంపెనీల రిజిస్ట్రారుకు ఆరు నెలలకోసారి వెళ్ళే ఫారం. మీ చేతిలోని వార్షిక నివేదికలో ఉండదు. బ్రిటన్‌లో 2017 నుంచి పెద్ద కంపెనీలు సగటున ఎన్ని రోజుల్లో చెల్లించాయో, 30 రోజుల్లో ఎంత శాతం బిల్లులు తీర్చాయో ఏడాదికి రెండుసార్లు బహిరంగంగా ప్రకటిస్తున్నాయి. మనకు కావలసింది అటువంటి అంకె.

14.6 కలిపి చదవడం: ఒక అభ్యాసం

ఒక ఊహా కంపెనీ తీసుకుందాం. ఏడాది కొనుగోళ్ళు 600 కోట్లు; సరఫరాదారులకు బకాయి 148 కోట్లు. సంబంధిత పక్షాల వివరణలో ప్రమోటర్ కుటుంబ సంస్థ నుంచి కొనుగోళ్ళు 120 కోట్లు, దానికి బకాయి 4 కోట్లు అని ఉంది.

సొంత సంస్థకు: 4 ÷ 120 × 365 = సుమారు 12 రోజులు.
మిగిలినవారికి: 144 ÷ 480 × 365 = సుమారు 110 రోజులు.

నాలుగు అంకెలూ నివేదికలోనివే. కాని 12, 110 అన్నవి నివేదికలో ఎక్కడా ఉండవు. ఇప్పుడు చిన్న సంస్థల వివరణ తెరవండి. అక్కడ 'గడువు దాటిన బకాయి: లేదు' అని ఉంటే, అడగవలసిన ప్రశ్న మీకు దొరికినట్టే.

తీర్పు చెప్పే ముందు జాగ్రత్త కూడా అవసరం. బకాయిలో జీఎస్టీ కలిసి ఉంటుంది, కొనుగోళ్ళలో సాధారణంగా ఉండదు. బయటి సరఫరాదారులందరూ చిన్నవారు కారు; పెద్ద సంస్థలు ఎక్కువ అరువు ఇవ్వవచ్చు. సీజన్‌ను బట్టి మార్చి కొనుగోళ్ళు పెరగవచ్చు. సంబంధిత పక్షంతో వ్యవహారం దానంతటదే తప్పు కాదు. సొంత అనుబంధ సంస్థ నుంచి నాణ్యమైన సరుకు సమయానికి రావచ్చు. ఈ లెక్క నేరాన్ని రుజువు చేయదు, ప్రశ్న వేయడానికి ఆధారం ఇస్తుంది. మూడేళ్ళ నివేదికలు వరుసగా పెట్టి చూడండి. సొంతవారి రోజులు తగ్గుతూ, బయటివారి రోజులు పెరుగుతూ ఉంటే అది యాదృచ్ఛికమని సరిపెట్టుకోవడం కష్టం.

14.7 సారాంశం

సొంతవారి విషయంలో మన చట్టం 'చెప్పు' అన్న దశ నుంచి 'చెప్పి, అడిగి, అప్పుడు చెయ్యి' అన్న దశకు వచ్చింది. సత్యం వాటాదారుల నష్టం దాని వెనక ఉంది. సరఫరాదారుల విషయంలో గడువు, వడ్డీ, పన్ను శిక్ష ఉన్నా, వెల్లడింపు మాత్రం 'ఏడాది చివర చెప్పు' దగ్గరే ఆగింది. వాటాదారుడికి షేరు అమ్ముకుని బయటపడే దారి ఉంది. జీడిమెట్ల యజమానికి అదీ లేదు. అతని రోజులు ఎన్నో నివేదిక చెప్పనంతకాలం, లెక్కగట్టవలసింది మీరే.

14.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కంపెనీల చట్టం ప్రకారం బావమరిది బంధువుల జాబితాలో ఉన్నాడా? సెబీ నిబంధన ఎలా భిన్నం?
2. 45 రోజుల గడువుకూ, బకాయిల వయసు పట్టికకూ ఉన్న పొంతనలేమిని వివరించండి.
3. మేటాస్ ప్రతిపాదన గంటల్లో ఆగి, 1,230 కోట్ల అప్పు చాలాకాలం బయటపడకపోవడానికి కారణం ఏమిటి?
4. మీకు అందుబాటులో ఉన్న ఒక లిస్టయిన కంపెనీ మూడేళ్ళ వార్షిక నివేదికలు తీసుకుని, 14.6లోని లెక్క కట్టి, మీ అభిప్రాయాన్ని రెండు పేజీల్లో రాయండి.